సౌండ్ ఉంది, మాట లేదు: ఒక బట్టల షోరూంలో వాయిస్ అలారం కేసు

నేపథ్యం

ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఒక పట్టణంలో ఐదంతస్తుల బట్టల షోరూం ఇది. ఊరి పేరు, షోరూం పేరు రాయడం లేదు. గుర్తుపట్టే వీలున్న ఒకటి రెండు కొలతలు కూడా కొంచెం మార్చాను.

గ్రౌండ్‌లో రెడీమేడ్ బట్టలు, బిల్లింగ్ కౌంటర్లు. మొదటి అంతస్తు పిల్లలది. రెండు, మూడు అంతస్తులు చీరలవి, ముఖ్యంగా పెళ్లి చీరలు. నాలుగో అంతస్తులో మగవాళ్ల బట్టలు, ట్రయల్ రూములు, మేనేజర్ కేబిన్. నడుమ కింది నుంచి పైకప్పు దాకా ఖాళీగా వదిలిన ఏట్రియం, దాని చుట్టూ గాజు రెయిలింగ్, గ్రానైట్ ఫ్లోరింగ్. ఏట్రియం పక్కనే వెడల్పాటి మెట్లు, రెండు లిఫ్టులు. వెనకవైపు స్టాకు మోసుకెళ్లే ఇరుకు మెట్లు. ఎత్తు 15 మీటర్లు దాటింది కాబట్టి నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 లెక్కలో ఇది హైరైజ్, అంటే ఎత్తైన భవనం.

శ్రావణం, మాఘం వచ్చిందంటే ఒక్కో పెళ్లికి పది పదిహేను మంది కలిసి వస్తారు. చుట్టుపక్కల మండలాలవాళ్లతో పాటు సరిహద్దు అవతల రాయచూరు వైపు నుంచి వచ్చేవాళ్లూ ఉంటారు. ఆడవాళ్లు పైన పరుపుల మీద కూర్చుని చీరలు చూస్తారు, మగవాళ్లు కింద సోఫాల్లో ఫోన్లు చూసుకుంటారు, పిల్లలు మొదటి అంతస్తులో ఆడుకుంటారు. ఒకే కుటుంబం మూడు అంతస్తుల్లో చెదిరి ఉంటుంది. ఈ సంగతి డ్రాయింగుల్లో కనపడదు కానీ కేసు అంతా దీని చుట్టూనే తిరిగింది.

కాగితాల మీద అన్నీ ఉన్నాయి. ఏ డిటెక్టర్ మోగిందో చూపించే అడ్రసబుల్ ఫైర్ ప్యానెల్, స్మోక్ డిటెక్టర్లు, చేత్తో నొక్కే అలారం బటన్లు (కాల్ పాయింట్లు), హూటర్లు. వాటితో పాటు 'వాయిస్ ఎవాక్యుయేషన్ సిస్టం' (మాటతో చెప్పి జనాన్ని ఖాళీ చేయించే ఏర్పాటు) అని రాసిన ఒక 240 వాట్ల ఆంప్లిఫైయర్, 44 సీలింగ్ స్పీకర్లు. అలారం రాగానే ప్యానెల్‌లోని రిలే, అంటే కరెంటుతో పనిచేసే చిన్న స్విచ్, ఆంప్లిఫైయర్‌కు సిగ్నల్ ఇస్తుంది, రికార్డు చేసిన మెసేజ్ మొదలవుతుంది. మిగతా సమయంలో అవే స్పీకర్లలో 'రెండో అంతస్తులో పట్టుచీరలపై ప్రత్యేక తగ్గింపు' లాంటి ప్రకటనలు పొద్దంతా నడుస్తాయి.

సమస్య

తనిఖీకి వచ్చిన ఫైర్ సిబ్బంది కస్టమర్లు ఉన్నప్పుడే మాక్ డ్రిల్ చేయమన్నారు. యాజమాన్యం ఒక సాయంత్రం చేసింది. హూటర్ మోగింది, మెసేజ్ వచ్చింది. చీరల అంతస్తులో ఒకరిద్దరు సీలింగ్ వైపు చూసి మళ్లీ చీరల్లో పడ్డారు. ముందే చెప్పి ఉంచిన ప్రకారం ఎలక్ట్రీషియన్ మెయిన్ ఆఫ్ చేశాడు. అంతటితో మెసేజ్ కూడా ఆగిపోయింది. కొన్ని సెకన్లలో జనరేటర్ దానంతట అదే ఆన్ అయింది, లైట్లు వెలిగాయి, పాటలు మళ్లీ మొదలయ్యాయి. మెసేజ్ మాత్రం తిరిగి రాలేదు, ఎందుకంటే ఆ ప్లేయర్ రీసెట్ అయి ప్యానెల్ నుంచి కొత్త ట్రిగ్గర్ కోసం ఎదురుచూస్తోంది. జనానికి అర్థమైంది ఒక్కటే: కరెంటు పోయింది, వచ్చింది. నాలుగు నిమిషాల తర్వాత కూడా చీరల అంతస్తులో సగానికి పైగా కూర్చునే ఉన్నారు.

సౌండ్ సరిపోలేదని యజమాని తేల్చారు. సిస్టం పెట్టిన కాంట్రాక్టర్ స్పీకర్ల ట్యాపులు (ఒక్కో స్పీకర్ ఎన్ని వాట్లు తీసుకోవాలో పెట్టే సెట్టింగ్) 3 వాట్ల నుంచి 6 వాట్లకు మార్చి, ఏట్రియం పైన రెండు హార్న్ స్పీకర్లు బిగించాడు. తర్వాతి డ్రిల్ ఇంకా అధ్వానంగా జరిగింది. గ్రౌండ్‌లో ఉన్నవాళ్లు చెవులు మూసుకున్నారు. ఎవరో రాజకీయ సభ మైకు అనుకున్నారట. సలహా కోసం నన్ను పిలిచింది ఆ తర్వాతే. పిలిచినప్పుడు అడిగింది కూడా 'ఎన్ని వాట్ల ఆంప్లిఫైయర్ తెప్పించాలి' అని.

వాట్ల లెక్క ముందే చెప్పేస్తాను. వాట్లు రెండింతలు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్, అంటే చెవికి కొంచెం తేడా తెలిసేంత. రెండింతల బిగ్గరగా అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి, దానికి పదింతల వాట్లు కావాలి. పైగా 44 స్పీకర్లు ఆరేసి వాట్లు అంటే 264 వాట్లు. ఆంప్లిఫైయర్ సామర్థ్యమే 240. హార్న్‌లు కాక ఇది. ఓవర్‌లోడ్ అయి గొంతు బొంగురుపోతోంది.

వినపడలేదా, అర్థం కాలేదా, నమ్మలేదా

జనం కదలకపోవడానికి మూడు వేర్వేరు కారణాలు ఉండొచ్చు, మూడింటికీ మందు వేరు. వినపడకపోతే స్పీకర్ల పని. వినపడీ మాట అర్థం కాకపోతే ప్రతిధ్వని, స్పీకర్ల చోటు, మెసేజ్ రికార్డింగ్ చూడాలి. అర్థమయ్యీ నమ్మకపోతే వైర్లతో పని లేదు, మనుషులతో పని. ఏది ఎక్కడో తేల్చకుండా సామాను కొంటే డబ్బు దండగ.

అందుకే కొలతలతో మొదలుపెట్టాను. పొద్దున షాపు తెరవకముందు కొలిస్తే అన్నీ బాగానే కనపడతాయి. మేం సీజన్ సాయంత్రం, జనం కిటకిటలాడే వేళ కొలిచాం. చీరల అంతస్తులో ర్యాకుల మధ్య నడవల్లో మెసేజ్ 64 డెసిబెల్స్ వస్తుంటే పాటలు, ఏసీ, జనం కలిపి రొద 68 ఉంది. అంటే అక్కడ మెసేజ్ రొదలో మునిగిపోయింది. ఫైర్ డిటెక్షన్, అలారాలకు భారత ప్రమాణమైన ఐఎస్ 2189 అలారం శబ్దం కనీసం 65 డెసిబెల్స్ లేదా రొద కంటే 5 ఎక్కువ ఉండాలంటుంది. మాట స్పష్టంగా అందాలంటే 10 ఎక్కువ ఉంచుకోవడం మంచిది.

ఏట్రియం అడుగున కథ తిరగబడింది. అక్కడ మెసేజ్ 86 డెసిబెల్స్. కానీ మాట స్పష్టత సూచిక ఎస్టీఐ 0.36 వచ్చింది. ఇది 0 నుంచి 1 దాకా ఉండే కొలత; వాయిస్ అలారానికి మామూలుగా 0.5 లక్ష్యం పెట్టుకుంటాం. గ్రానైట్, గాజు శబ్దాన్ని పీల్చవు, తిప్పికొడతాయి. పై అంతస్తు స్పీకర్ 15 మీటర్ల అవతల ఉంటే దాని మాట సుమారు 44 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. ఐదు అంతస్తుల స్పీకర్లూ, వాటి ప్రతిధ్వనులూ ఒకదాని మీద ఒకటి పడి హల్లులు చెరిగిపోతాయి, అచ్చుల మోత మిగులుతుంది. ఇక్కడ సౌండ్ పెంచితే ప్రతిధ్వని కూడా అంతే పెరుగుతుంది. కాంట్రాక్టర్ మార్పు చీరల అంతస్తుకు చాలలేదు, ఏట్రియంకు ఎక్కువైంది.

ట్రయల్ రూముల్లో తలుపు వేస్తే దాదాపు ఏమీ వినపడదు. బాత్రూముల్లోనూ అంతే. ఆ చోట్ల స్పీకరే లేదు.

మూడో ప్రశ్నకు మీటర్ లేదు కాబట్టి సేల్స్‌మెన్‌తో కూర్చుని మాట్లాడాం. ఇద్దరు ముగ్గురు ఒకే మాట చెప్పారు: "ఆ గొంతు రోజూ ఆఫర్లు చెప్పేదే కదా సార్, ఎవరు పట్టించుకుంటరు?" నిజమే. అదే అమ్మాయి గొంతు, అదే ముందు టింగ్ టింగ్. ఇంకో సంగతి కూడా బయటపడింది. ప్రతి శుక్రవారం గల్లా దగ్గర సాంబ్రాణి వేస్తారు. ఆ పొగకు గ్రౌండ్‌లో డిటెక్టర్ మోగడం, సెక్యూరిటీ వెళ్లి సైలెన్స్ నొక్కడం మామూలైపోయింది. స్టాఫ్ దృష్టిలో అలారం అంటే సాంబ్రాణి.

ముందుగా చేసినవి

ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్న పని ముందు చేయడం నా పద్ధతి. అది పాటలు ఆపడం. పాటల సిస్టం ఇంకో వెండర్ పెట్టినది, ఫైర్ ప్యానెల్‌తో సంబంధమే లేదు. అంతస్తుకొకటి ఉన్న టీవీలూ అంతే. యజమాని ఒప్పుకోలేదు. "పాటలు బంద్ చేస్తే షాపు సప్పబడ్తది సార్" అన్నారు. రోజూ ఆపమని కాదు, అలారం వచ్చినప్పుడే అని చెప్తే సరే అన్నారు. ప్యానెల్ రిలేతో ఒక కాంటాక్టర్‌ను (పెద్ద లోడ్లకు వాడే స్విచ్) నడిపించి పాటలు, టీవీల సప్లై దాని గుండా తిప్పాం. మామూలప్పుడు రిలేకు కరెంటు ఉండి కాంటాక్టర్‌ను పట్టి ఉంచుతుంది. అలారం వచ్చినా, ఆ వైరు తెగినా పాటలు ఆగిపోతాయి. దీన్ని తిరగేసి, అలారం వచ్చినప్పుడే రిలేకు కరెంటు వెళ్లేలా వైరింగ్ చేస్తే వైరు తెగిన సంగతి మంటలప్పుడే తెలుస్తుంది. ఈ ఒక్క పనితో చీరల అంతస్తు రొద 62కు దిగింది. ఒక్క స్పీకర్ కొనకుండానే.

రెండోది కరెంటు. మంటలు లేస్తే ఎవరైనా మొదట చేసే పని మెయిన్ ఆఫ్ చేయడం, అది సరైన పనే. కాబట్టి ఆ సమయంలో మాట్లాడాల్సిన యంత్రం మెయిన్ మీద ఆధారపడకూడదు. జనరేటర్ ఉంది కదా అన్నారు. జనరేటర్ అందుకునే లోపు వచ్చిన ఖాళీయే మొదటి డ్రిల్‌ను చెడగొట్టింది. పైగా మంటలు నిజమైతే దాన్నీ ఆపాల్సి రావచ్చు. పాత ఆంప్లిఫైయర్ తీసేసి, ఈఎన్ 54-16 అనే యూరోపియన్ ప్రమాణానికి తగిన వాయిస్ అలారం యూనిట్ తెప్పించాం. సొంత బ్యాటరీ, 24 గంటలు స్టాండ్‌బై, ఆ తర్వాత అరగంట మెసేజ్ నడిచేలా. ఒకటి పాడైతే అందుకోవడానికి స్పేర్ ఆంప్లిఫైయర్. ప్రతి అంతస్తులో స్పీకర్లను ఒకటి విడిచి ఒకటి రెండు లైన్లకు కలిపి, ఫైర్ రేటెడ్ కేబుల్ వేశాం. ఒక లైను కాలినా అంతస్తు పూర్తిగా మూగబోదు. పాత పద్ధతిలో ఒక్క చోట ఎలుక కొరికినా భవనమంతా నిశ్శబ్దం, అది తెలిపే ఫాల్ట్ లైటు కూడా లేదు.

స్పీకర్ల సంగతి

చీరల అంతస్తులో కొత్తగా స్పీకర్లు పెంచాం, వాట్లు తగ్గించాం. సీలింగ్ దాకా పేర్చిన చీరలు శబ్దాన్ని పీల్చేస్తాయి, అందులోనూ హల్లుల స్పష్టత ఉండే పై ఫ్రీక్వెన్సీలను ముందుగా. ప్రతిధ్వని గొడవ లేదు కానీ శబ్దం దూరం పోదు. ఏడేసి మీటర్లకు ఒక స్పీకర్ పెట్టడం ఖాళీ హాలుకు సరిపోతుంది, ర్యాకుల నడుమ కాదు. ప్రతి నడవకూ స్పీకర్లు వచ్చేలా దగ్గర దగ్గరగా, ఒక్కోటి 1.5 వాట్ల ట్యాపు మీద పెట్టాం.

ఏట్రియంలో హార్న్‌లు తీసేశాం. ప్రతి అంతస్తు అంచున ఏట్రియం వైపు పలికే స్పీకర్లనూ తీసి, లోపలికి జరిపాం. గ్రౌండ్‌లో స్తంభాలకు మనిషి తలకు కాస్త పైన సన్నటి కాలమ్ స్పీకర్లు బిగించాం. ఇవి శబ్దాన్ని నిలువుగా చెదరనివ్వవు, ఎదురుగా ఉన్న మనిషి మీదికే పంపుతాయి, పైన గాజుకు తగిలేది తక్కువ. రికార్డింగులో కింది బేస్ కోసేశాం. అది ఒక్కటే చేసి చూసినప్పుడు పెద్దగా తేడా రాలేదు. స్పీకర్ల చోటు మారాకే ఎస్టీఐ 0.53కు వచ్చింది. గోడలకు శబ్దం పీల్చే ప్యానెళ్లు వేస్తే ఇంకా బాగుండేది. షోరూం అందం పోతుందని యజమాని వద్దన్నారు, నేనూ పట్టుబట్టలేదు. లక్ష్యం అందింది కాబట్టి ఆ డబ్బు వెనక మెట్లకు పెట్టించాలనుకున్నాను.

అన్నీ అయ్యాక మొత్తం స్పీకర్ల లోడు 150 వాట్లలోపే ఉంది. నడవల్లో మెసేజ్ 78 డెసిబెల్స్ అందుతోంది.

ఫలించని ప్రయత్నం

కొత్త యూనిట్ అంతస్తుకో మెసేజ్ పంపగలదు. సప్లయర్ దీన్నే గొప్పగా చెప్పాడు: మంట ఉన్న అంతస్తు, దాని పై అంతస్తు ముందు ఖాళీ చేయించి, మిగతావాళ్లను 'సిద్ధంగా ఉండండి' అనడం. పెద్ద ఆఫీసు టవర్లలో ఇది సరైన పద్ధతి. అక్కడ అంతస్తుకూ అంతస్తుకూ మధ్య స్లాబు ఉంటుంది, మెట్లు మూసిన గదిలో ఉంటాయి. ఇక్కడ నడుమ ఏట్రియం ఉంది, పొగ నిమిషాల్లో పైకి చేరుతుంది. పొగ లెక్కలో ఇదంతా ఒకే గది. అందుకని దశలవారీ ఖాళీ చేయించడం వద్దనుకున్నాం.

దాని బదులు అందరినీ ఒకేసారి దించుతూ, అంతస్తును బట్టి మెట్లు చెబుదామన్న ఆలోచన వచ్చింది. రెండు, నాలుగు అంతస్తులు వెనక మెట్లు, మిగతావి ముందు మెట్లు. కాగితం మీద రద్దీ చక్కగా పంచుకుంది. కస్టమర్లు లేని పూట స్టాఫ్‌తో పరీక్షిస్తే గంట కూడా నిలవలేదు. మూడో అంతస్తు రెయిలింగ్ దగ్గర నిలబడితే 'ముందు మెట్లు', 'వెనక మెట్లు' రెండూ వినపడుతున్నాయి. జనం మధ్యలో ఆగి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఏట్రియం ఉన్న చోట అన్ని అంతస్తుల్లోనూ ఒకే మెసేజ్, ఒకే క్షణంలో మొదలవ్వాలి. ఏ మెట్లు అన్నది పక్కనున్న మనిషి చూపించాలి. ఆ పరీక్షతో అది ఖాయమైంది.

మెసేజ్

పాత మెసేజ్ తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడూ కలిపి నిమిషం దాటేది. ఇంగ్లీషు తీసేశాం. తెలుగు ముందు, తర్వాత హిందీ బదులు ఇక్కడివాళ్లు మాట్లాడే ఉర్దూ. ముందు ప్రకటనల టింగ్‌తో పోలికే లేని హెచ్చరిక టోన్, గొంతు కూడా వేరు.

'మంట' అనే మాట మీద పెద్ద చర్చ జరిగింది. ఆ మాట అంటే తొక్కిసలాట అవుతుందని యజమాని భయం. చాలామందికి ఉండే భయమే. నిజానికి విషయం దాచడం వల్లే జనం ఆలస్యంగా కదులుతారు, పొగ చూశాక అందరూ ఒకేసారి మెట్ల మీద పడతారు. 1991లో ప్రూ, సైమ్ అనే పరిశోధకులు న్యూకాసిల్ భూగర్భ రైల్వే స్టేషన్‌లో చేసిన ప్రయోగాలు ఈ రంగంలో అందరికీ తెలిసినవే. గంట మాత్రమే మోగించినప్పుడు జనం నిలబడే ఉన్నారు; ఏం జరిగింది, ఏం చేయాలి అని మైకులో నేరుగా చెప్పినప్పుడు త్వరగా కదిలారు. అది చెప్పాక ఒప్పుకున్నారు. చివరికి ఖాయమైంది ఇది:

"అందరూ వినండి. షాపులో మంట అంటుకుంది. చీరలు, సంచులు వదిలేసి, దగ్గరున్న మెట్ల మీద నుంచి ఇప్పుడే కిందికి దిగండి. లిఫ్టు ఎక్కొద్దు. మీ వాళ్ల కోసం గేటు బయట చూడండి."

చివరి వాక్యం డ్రిల్‌లో చూసినదాన్ని బట్టి చేర్చాం. కింద సోఫాల్లో ఉన్న మగవాళ్లు బయటికి పోకుండా, భార్యాపిల్లల కోసం దిగే జనానికి ఎదురు మెట్లెక్కుతున్నారు. వాళ్లను తప్పుపట్టలేం. ఎక్కడ కలుస్తారో చెప్తే కొందరైనా ఆగుతారు.

ఇంత సూటిగా చెప్పే మెసేజ్ సాంబ్రాణికి మోగితే రెండోసారి ఎవరూ నమ్మరు. అందుకే ఒక్క డిటెక్టర్ పొగ పసిగడితే స్టాఫ్‌కు మాత్రమే అర్థమయ్యే కోడ్ ప్రకటన వస్తుంది, ఫ్లోర్ ఇన్‌ఛార్జి వెళ్లి చూడాలి. మూడు నిమిషాల్లో ప్యానెల్ దగ్గర ఎవరూ స్పందించకపోయినా, రెండో డిటెక్టర్ మోగినా, ఎవరైనా కాల్ పాయింట్ నొక్కినా పూర్తి మెసేజ్. గల్లా దగ్గర డిటెక్టర్‌ను పొగ, వేడి రెండూ చూసే రకానికి మార్చాం.

మనుషులు, తలుపులు

లైవ్ మైకు నాలుగో అంతస్తు మేనేజర్ కేబిన్‌లో ఉండేది. అక్కడ కూర్చుని మాట్లాడేవాడు తనే చివర దిగాలి. దాన్ని గ్రౌండ్‌లో గేటు పక్కన ప్యానెల్ దగ్గరికి దించాం. మాట్లాడే పని మేనేజర్‌కు కాక సెక్యూరిటీ సూపర్‌వైజర్‌కు ఇచ్చాం. ఆయన గొంతు నిదానం, తొట్రుపాటు లేదు.

కస్టమర్లు స్పీకర్ వైపు కాదు, ఎదురుగా చీర విప్పి చూపిస్తున్న మనిషి మొహం వైపు చూస్తారు. ఆయన చీర మడతపెడుతూ ఉంటే వాళ్లూ కూర్చుంటారు. సేల్స్‌మెన్‌కు నేర్పింది చాలా చిన్నది: మెసేజ్ వినగానే చేతిలోది వదిలి లేచి నిలబడాలి, "అక్కా లేవండి, సామాన్లు మేం చూస్తం, ఇటు నడవండి" అనాలి. నా అంచనాలో ఈ మొత్తం ప్రాజెక్టులో అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదే, దానికి బిల్లు లేదు.

చెప్పులు మరో తలనొప్పి. పరుపుల అంతస్తు గుమ్మం దగ్గరే అందరూ చెప్పులు విడుస్తారు. దిగే దారిలో ఆ కుప్ప, దాని మీద వంగి తమ జత వెతుక్కునే జనం. చెప్పులతో పరుపులెక్కడం కుదరదని యజమాని అన్నారు, పట్టుచీరలు అమ్మే చోట అది న్యాయమే. కాబట్టి చెప్పుల స్టాండ్లు గుమ్మం నుంచి తీసి ప్రతి నడవ మొదట్లో, కూర్చునే చోటుకు ఆనుకుని పెట్టించాం. కుప్ప చిన్నదైంది, దారి ఖాళీ అయింది.

వెనక మెట్ల కింద షట్టర్‌కు తాళం ఉండేది. "దొంగతనమైతే ఎవరు భరిస్తరు?" అన్నది ప్రశ్న. దాన్ని కొట్టేయలేదు. షట్టర్ తీసేసి, లోపలి నుంచి తోస్తే తెరుచుకునే పానిక్ బార్ ఉన్న ఫైర్ డోర్ పెట్టించి, తెరిస్తే గట్టిగా మోగే లోకల్ సైరన్ తగిలించాం. దొంగ భయం సైరన్ చూసుకుంటుంది. మెట్ల మీద పేర్చిన అట్టపెట్టెలు తీయించడం మాత్రం ఇప్పటికీ ప్రతి తనిఖీలో చెప్పాల్సి వస్తోంది.

ఫలితం, మిగిలినవి

తర్వాతి సీజన్ డ్రిల్‌లో రెండున్నర నిమిషాల్లో చీరల అంతస్తులు ఖాళీ అయ్యాయి. ఆ డ్రిల్‌కు వాడిన మెసేజ్‌లో 'ఇది ప్రాక్టీసు' అని ఉంది. కాబట్టి ఆ వేగాన్ని నిజమైన మంటల్లో వేగంగా లెక్కపెట్టొద్దని రిపోర్టులో రాశాను. చూడాల్సింది ఎంతసేపట్లో దిగారన్నది కాదు, ఎంతసేపట్లో లేచారన్నది. అది మాత్రం స్పష్టంగా మారింది.

ట్రయల్ రూముల వరండాలో, బాత్రూముల్లో స్పీకర్లతో పాటు వెలిగి ఆరే లైట్లు కూడా పెట్టాం, వినపడనివాళ్ల కోసం. ప్రతి సోమవారం షాపు తెరిచే ముందు ఒక్కో అంతస్తు మెసేజ్ విని రిజిస్టర్‌లో రాయడం సెక్యూరిటీ పని. సీజన్‌కు వచ్చే తాత్కాలిక సేల్స్‌మెన్‌కు చేరిన మొదటి రోజే అయిదు నిమిషాల శిక్షణ ఇవ్వాలని రాసుకున్నాం. దసరాకు ముందు తీసుకున్నవాళ్లలో కొందరికి అది అందలేదని తర్వాతి తనిఖీలో తెలిసింది. ఇప్పుడు ఆ శిక్షణ అయ్యాకే ఐడీ కార్డు ఇస్తున్నారు.

తేలనిది ఒకటుంది. గ్రౌండ్‌లో ఒక మూల వన్ గ్రామ్ గోల్డ్ నగల కౌంటర్ వేరేవాళ్లకు అద్దెకిచ్చారు. వాళ్ల టీవీ, స్పీకర్ వాళ్ల సొంతం, వాళ్ల మీటర్ వేరు, మా కాంటాక్టర్‌కు కలపలేదు. బయటికి వెళ్లే దారి వాళ్ల ముందు నుంచే పోతుంది. అద్దె ఒప్పందం మళ్లీ రాసుకునేటప్పుడు ఆ షరతు పెట్టమని యజమానికి చెప్పాను. అది ఉగాదికి.